పాపాయి పరుపుకు పుట్టిల్లెక్కడ?

కార్తీకం వచ్చిందంటే కొట్టాయం రైల్వేస్టేషన్‌లో ఎటు చూసినా తెలుగు మాటలే. సికింద్రాబాద్ నుంచి వచ్చే శబరి ఎక్స్‌ప్రెస్ ఆగగానే నల్లబట్టలు కట్టుకున్న స్వాములు బిలబిలమంటూ దిగుతారు. ఇరుముళ్లు సర్దుకుని ఎరుమేలి, పంబ వెళ్లే బస్సులెక్కుతారు. ఊరు దాటిన కాసేపటికే రోడ్డుకు రెండు పక్కలా ఒకే రకం చెట్లు మొదలవుతాయి. నిటారుగా, వరసలు తీరి ఉంటాయి. ప్రతి చెట్టు మొదట్లోనూ ఏటవాలుగా ఓ గాటు. దాని కింద కట్టిన చిన్న చిప్ప.

‘‘గురుస్వామీ, ఈ చెట్లకి చిప్పలెందుకు కట్టారు?’’ కిటికీ పక్కన కూర్చున్న కన్నెస్వామి అడుగుతాడు.

‘‘రబ్బరు పాలు స్వామీ! టైర్లు చేస్తారు’’ అని గురుస్వామి జవాబు.

నిజమే. ఆ పాలలో ఎక్కువ భాగం టైర్లకే పోతుంది. కానీ అందులో కొంత ఇంకో దారి పడుతుంది. నురగై, అచ్చులో గట్టిపడి, ఎక్కడో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఓ పసిబిడ్డ వీపు కిందికి చేరుతుంది. ఇంట్లో పిల్లలకు పరుపు కొనాలనుకునే వాళ్లు దుకాణానికి వెళ్లేముందు ఒక్కసారి ఈ దారి చూసి వస్తే చాలు... అక్కడ ఏం అడగాలో వాళ్లకే తెలిసిపోతుంది.

సగం రోజు పరుపు మీదే

పెద్దవాళ్లకు పరుపంటే నడుం వాల్చే చోటు. చంటిపిల్లలకు అది సగం లోకం. ఏడాది, రెండేళ్ల పిల్లలు రోజుకు 11 నుంచి 14 గంటలు నిద్రపోతారు. అంతసేపూ ముక్కు పరుపుకు ఆనుకునే ఉంటుంది. పైగా శరీర బరువుతో పోలిస్తే పెద్దలకంటే పిల్లలే ఎక్కువ గాలి పీలుస్తారు. చర్మం పలుచన. చేతికందినదల్లా నోట్లో పెట్టుకోవడం సరేసరి.

కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2025లో వెలువరించిన రెండు అధ్యయనాలు ఈ విషయాన్నే బయటపెట్టాయి. ఆరునెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలు పడుకునే 25 గదుల్లో గాలిని పరీక్షిస్తే రెండు డజన్లకు పైగా రసాయనాలు కనిపించాయి. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు, మంటలు అంటుకోకుండా కలిపే పదార్థాలు, రంగు వెలవకుండా వాడేవి వాటిలో ఉన్నాయి. అవి అన్నిచోట్ల కంటే మంచం దగ్గరే ఎక్కువగా తేలాయి. కొత్తగా కొన్న 16 పిల్లల పరుపులను విడిగా పరీక్షిస్తే, వాటికి ముఖ్యమైన మూలం పరుపేనని తెలిసింది. పిల్లల ఒంటి వేడి, బరువు తగిలితే ఆ రసాయనాల విడుదల ఇంకా పెరుగుతోందట. అంటే బిడ్డ పడుకున్నప్పుడే ఎక్కువగా వస్తాయన్నమాట!

మరైతే ఏ పరుపు కొనాలి? ‘నేచురల్ అయితే చాలు’ అంటారు చాలామంది. ఆ నేచురల్ సంగతేమిటో కొట్టాయం చెబుతుంది.

తెల్లారకముందే పాలు

రబ్బరు తోటలో పని కోడికూతకు ముందే మొదలవుతుంది. నుదుటికి లైటు కట్టుకుని, చేతిలో వంపు తిరిగిన కత్తితో చీకట్లోనే బయల్దేరతారు రబ్బరు కోసేవాళ్లు. మన దగ్గర గీత కార్మికులు ఈతచెట్టుకు గాటు పెట్టినట్టే ఇక్కడా చేతివాటం ముఖ్యం. బెరడును పలుచగా చెక్కాలి. కత్తి లోతుకు దిగితే చెట్టు దెబ్బతింటుంది. ఎండెక్కితే పాల ధార తగ్గిపోతుంది కాబట్టి ఈ తొందర. ఒక్కో మనిషి రోజుకు మూడు నాలుగు వందల చెట్లు చూసుకుంటాడు. నాటిన ఏడేళ్లకుగానీ చెట్టు కోతకు రాదు.

ఈ చెట్టు మనది కాదు, దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులది. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు దాని గింజలను బ్రెజిల్ నుంచి లండన్ చేర్చాడు. అక్కణ్నుంచి ఆసియాకు వచ్చింది. మనదేశంలో తొలి వాణిజ్య తోట 1902లో కేరళలోని తట్టేకాడ్ దగ్గర వేశారు. ఇప్పుడు దేశంలో పండే సహజ రబ్బరులో సింహభాగం కేరళదే. రబ్బరు బోర్డు కార్యాలయం, పరిశోధన సంస్థ రెండూ కొట్టాయంలోనే ఉన్నాయి. మన మారేడుమిల్లి మన్యంలోనూ రబ్బరు తోటలు కనిపిస్తాయి గానీ ఊరూరా, పెరటి పెరటా రబ్బరు చూడాలంటే మాత్రం ఇక్కడికే రావాలి.

చిప్పలో పడిన పాలలో రబ్బరు మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మిగతాది దాదాపు నీరే. అలా వదిలేస్తే కొన్ని గంటల్లోనే పెరుగులా విరిగిపోతుంది. అందుకే పరుపులకు, చేతి తొడుగులకు వెళ్లే పాలలో వెంటనే అమ్మోనియా కలుపుతారు. ఆనక యంత్రంలో గిరగిరా తిప్పి, వెన్న తీసినట్టు చిక్కబరుస్తారు. అప్పుడు రబ్బరు 60 శాతానికి చేరుతుంది.

ఫ్యాక్టరీలో ఆ చిక్కటి పాలకు సబ్బు, గంధకం, జింక్ ఆక్సైడ్, రబ్బరు త్వరగా గట్టిపడేందుకు మరికొన్ని రసాయనాలు చేరుస్తారు. కోడిగుడ్డు సొన గిలకొట్టినట్టు నురగ వచ్చేదాకా గిలకొట్టి, మేకుల్లాంటి కడ్డీలున్న అచ్చులో పోసి, ఆవిరిలో ఉడికిస్తారు. లేటెక్స్ పరుపుకు తేనెపట్టులా కనిపించే రంధ్రాలు ఆ కడ్డీల గుర్తులే. ఈ పద్ధతికి 1929లో ఇంగ్లండ్‌లోని డన్‌లప్ కంపెనీ ప్రయోగశాలలో రూపమిచ్చారు. మనవాళ్లు మెత్తటి పరుపు ఏదైనా సరే ‘డన్‌లప్ పరుపు’ అనడం అలా వచ్చిందే.

అసలు కీలకం ఆ తర్వాత ఉంది. అచ్చులోంచి తీసిన పరుపును నీళ్లతో బాగా కడగాలి. మిగిలిపోయిన సబ్బు, రసాయనాలు, కొందరికి అలర్జీ తెచ్చే రబ్బరు ప్రొటీన్లు ఆ కడుగుడులోనే చాలావరకు పోతాయి. సరిగా కడిగి ఆరబెట్టిన పరుపు వేరు, తొందరగా తేల్చేసిన పరుపు వేరు. రెండూ ఒకే చెట్టు పాలే. రెండింటి మీదా ‘నేచురల్’ అనే ఉంటుంది!

ఇంకో చిక్కు కూడా ఉంది. ‘లేటెక్స్’ అన్నంత మాత్రాన అది చెట్టు పాలే కానక్కర్లేదు. పెట్రోలియం నుంచి తీసే కృత్రిమ లేటెక్స్ కూడా ఉంది. రెండూ కలిపి చేసేవీ ఉన్నాయి. అందుకే దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘‘ఇందులో సహజ రబ్బరు ఎంత శాతం? ఆ మాట బిల్లు మీద రాసిస్తారా?’’

కాయలు దాటి కాయర్ ఊరికి

కొట్టాయం నుంచి అలప్పుళకు రోడ్డు మార్గం ఉంది. తీరిక ఉన్నవాళ్లకు అంతకంటే మంచి దారి నీటి మీద ఉంది. రాష్ట్ర జలరవాణా శాఖ బోటు ఎక్కితే రెండున్నర గంటల ప్రయాణం. హౌస్‌బోటుకయ్యే ఖర్చులో పిసరంత టికెట్‌తోనే వెంబనాడ్ కాయలు అందాలన్నీ చూడొచ్చు. కేరళలో సముద్రానికి ఆనుకుని ఉండే ఉప్పుటేటి సరస్సులను ‘కాయలు’ అంటారు. బోటులో బడిపిల్లలు, కూరగాయల సంచులతో అమ్మలు, చేపల బుట్టలు... అన్నీ ఎక్కుతాయి, దిగుతాయి. దారిలో వచ్చేదే కుట్టనాడ్. సముద్రమట్టం కంటే దిగువన వరి పండించే సీమ. గట్టుకు ఇవతల బోటు పైన, అవతల పొలం కింద! కోనసీమ నుంచి వెళ్లినవాళ్లకు మాత్రం కొబ్బరి తోటలు, కాలవలు, గట్లు చూస్తే ఇంటికొచ్చినట్టే ఉంటుంది.

ఎక్కడ చూసినా కొబ్బరి. ఆ కొబ్బరి డొక్క మీదే ఒకప్పుడు అలప్పుళ పట్నమంతా బతికింది. బ్రిటిష్‌వాళ్లు అలెప్పీ అని పిలిచిన ఈ రేవును తిరువితాంకూరు దివాన్ రాజా కేశవదాసు తీర్చిదిద్దాడు. 1859లో జేమ్స్ డారా అనే అమెరికన్ ఇక్కడ కొబ్బరి పీచు చాపల ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ తర్వాత ఒక్కటొక్కటే కంపెనీలు వచ్చాయి. సముద్రపు ఒడ్డున 1862 నాటి లైట్‌హౌస్, సముద్రంలోకి చొచ్చుకెళ్లి ఇప్పుడు శిథిలమైన పాత వంతెన స్తంభాలు ఆ వైభవానికి గుర్తులు. ఊరికి ఉత్తరాన కలవూరులో కాయర్ బోర్డు పరిశోధన సంస్థ, కాయర్ మ్యూజియం ఉన్నాయి. పిల్లలతో వెళ్లినవాళ్లు తప్పకుండా చూడాల్సిన చోటు.

చాపలు, తాళ్లకు వాడే తెల్లటి పీచు కావాలంటే పచ్చి కొబ్బరి డొక్కలను నెలల తరబడి కాయల నీళ్లలో నానబెట్టాలి. ఆరు నెలలు, పది నెలలు... ఆ నీరు నల్లబడి కుళ్లిన కోడిగుడ్ల వాసన వేస్తుంది. చేపలు బతకవు. నానిన డొక్కలను కర్రలతో బాదేది, పీచును రాట్నం మీద తాడుగా పేనేది ఎక్కువగా ఆడవాళ్లే. తరతరాలుగా మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి చేసిన పని అది. యంత్రాలు వచ్చాక ఆ బాదుడు చాలావరకు తగ్గింది. కొబ్బరి పీచు ప్రకృతి ఇచ్చిందే. అయినా దాని వెనుక ఓ చెరువు పాడవ్వొచ్చు, ఓ మనిషి చేతులు ఒరిసిపోవచ్చు.

పరుపులోకి వెళ్లేది మాత్రం ముతకగా ఉండే గోధుమరంగు పీచు. తమిళనాడులోని పొల్లాచ్చి వైపు నుంచి ఇది పెద్దఎత్తున వస్తుంది. మన కోనసీమలోనూ తయారవుతుంది. ఈ పీచును ముందు గట్టిగా తాడులా మెలిపెడతారు. మెలిక నిలిచాక విప్పేస్తారు. అప్పుడు ఒక్కో పోగూ రింగులు తిరిగి చిన్న స్ప్రింగులా తయారవుతుంది. వాటిని పొరలుగా పరిచి, పైన రబ్బరు పాల మిశ్రమం చల్లి, వేడి మీద ఒత్తుతారు. అదే రబ్బరైజ్డ్ కాయర్. కొట్టాయం చెట్టుకూ అలప్పుళ చెట్టుకూ పెళ్లయ్యేది ఇక్కడే!

పీచు పరుపు గట్టిగా ఉంటుంది. గాలి ఆడుతుంది. లేటెక్స్ కంటే చాలా చవక. అయితే దుకాణంలో ‘కాయర్ పరుపు’ పేరుతో అమ్మేదాంట్లో పైనా కిందా ఫోమ్ పొరలు ఉండొచ్చు. వాటిని అతికించే జిగురు ఉంటుంది. కాబట్టి రెండో ప్రశ్న: ‘‘లోపల ఎన్ని పొరలున్నాయి? ఏయే పొర దేనితో చేశారు? ఏ జిగురుతో అతికించారు?’’ పరుపు మీద కొలతలు, మందం, ధర, గ్యారంటీ ఏళ్లు పెద్ద అక్షరాలతో రాసి ఉంటాయి. పొరల వివరం మాత్రం అడిగినవాళ్లకే తెలుస్తుంది.

మంటకు భయపడి...

అలప్పుళ బజారులోనైనా, మన ఊరి బజారులోనైనా పీచు పరుపుల పక్కన వరసగా కనిపించేవి ఫోమ్ పరుపులు. ఇది చెట్టు నుంచి వచ్చింది కాదు. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన పాలియురెథేన్ అనే పెట్రోలియం సరుకు. తేలిక, చవక. మధ్యతరగతి ఇంటికి అందుబాటులో ఉండేది ఇదే. ఫోమ్ అనగానే విషమని బెదిరిపోనక్కర్లేదు. సరిగ్గా తయారైతే ప్రమాదకరమైన ముడి రసాయనాలు ఆ చర్యలోనే ఖర్చయిపోతాయి. చిక్కంతా తర్వాత కలిపేవాటితోనే.

అమెరికాలోని కాలిఫోర్నియా కథే దీనికి ఉదాహరణ. ఫర్నిచర్ ఫోమ్ త్వరగా అంటుకోకూడదని 1975లో ఆ రాష్ట్రం నిబంధన పెట్టింది. దాన్ని పాటించడానికి కంపెనీలు ఫోమ్‌లో బ్రోమిన్ రసాయనాలు కలపసాగాయి. అవి ఫోమ్‌లో నిలవలేదు. దుమ్ములోకి, అక్కణ్నుంచి మనుషుల రక్తంలోకి, తల్లిపాలలోకి కూడా చేరాయి. పిల్లల మెదడు ఎదుగుదలకు చేటని తేలాక, వాటిలో ముఖ్యమైనవాటిని 2009లో స్టాక్‌హోం ఒప్పందం కింద నిషేధిత జాబితాలో చేర్చారు. అదే కాలిఫోర్నియా 2020 నుంచి పిల్లల వస్తువుల్లోనూ పరుపు ఫోమ్‌లోనూ మంట నిరోధక రసాయనాలకు కఠినమైన హద్దు పెట్టింది. మంట నుంచి కాపాడాలని మొదలైన పని పిల్లలకే ముప్పుగా మారి, వెనక్కి తిరగడానికి దశాబ్దాలు పట్టింది!

ఈ కథ చెప్పే నీతి ఒకటుంది. వాసన రాకపోతే రసాయనం లేనట్టు కాదు. కొత్త పరుపు విప్పగానే గుప్పుమనే వాసన గాలి తగిలే గదిలో నాలుగైదు రోజులుంచితే తగ్గుతుంది. అలా ఉంచాల్సిందే. కానీ థాలేట్లు, మంట నిరోధకాలు వాసన లేకుండా నెమ్మదిగా, ఏళ్ల తరబడి బయటికి వస్తాయి. అందుకే మూడో ప్రశ్న: ‘‘దీనికి పరీక్ష చేసిన పత్రం ఉందా?’’ ఫోమ్‌కైతే సర్టిపూర్, గుడ్డకైతే ఒయికోటెక్స్ స్టాండర్డ్ 100 లాంటివి ఉంటాయి. ఒయికోటెక్స్‌లో మూడేళ్ల లోపు పిల్లల వస్తువులకు ‘ఒకటో తరగతి’ ఉంది. అందరికంటే కఠినమైన హద్దులు దానికే. సేంద్రియ లేటెక్స్‌కు ‘గోల్స్’ ముద్ర ఉంటే ముడిసరుకులో 95 శాతానికి పైగా సేంద్రియమని అర్థం. ముద్ర కనపడగానే నమ్మేయకుండా పత్రం నంబరు అడిగి, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

మెత్తన మంచిది కాదు

రసాయనాల గొడవలో పడి అసలు విషయం మరిచిపోకూడదు. ఏడాది లోపు బిడ్డకు అన్నిటికంటే పెద్ద ప్రమాదం మెత్తదనమే. బోర్లాపడినప్పుడు ముఖం కూరుకుపోతే తల తిప్పుకునే శక్తి వాళ్లకు ఉండదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లో సవరించిన సూచనల్లోనూ ఇదే చెప్పింది. పరుపు గట్టిగా, సమంగా, వాలు లేకుండా ఉండాలి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. పక్కన దిండ్లు, దుప్పట్లు, బొమ్మలు ఉండకూడదు.

కొనేటప్పుడు అరచేత్తో గట్టిగా నొక్కి తీసేయాలి. చెయ్యి గుర్తు నిలవకుండా వెంటనే పైకి రావాలి. గుర్తు నిలిచే మెమరీ ఫోమ్ పసిబిడ్డకు పనికిరాదు. తొట్టి మంచంలో పరుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. ఈ లెక్కన చూస్తే పీచు పరుపు లాంటి గట్టి పరుపే పసిబిడ్డకు నప్పుతుంది. వేలకు వేలు పోసిన మెత్తటి పరుపు కంటే అదే నయం.

ఇంటికొస్తే... బొంత!

అలప్పుళలో ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నెల్లూరు, విజయవాడ, రాజమండ్రి మీదుగా ఇంటికి తిరుగు ప్రయాణం. రైలు దిగి ఇంట్లో అడుగుపెడితే అమ్మమ్మ పరిచిన పక్క గుర్తొస్తుంది. బూరుగు దూది పరుపు, దానిమీద పాత నేత చీరలతో కుట్టిన బొంత. వీధిలోకి దూదేకులవాళ్లు వచ్చారంటే విల్లు మీటిన చప్పుడుకు పిల్లలంతా పోగయ్యేవారు. ఏటా దూది ఏకించడం, ఎండాకాలం మేడ మీద పరుపులు ఆరేయడం ఇంటిపనుల్లో భాగం. దూది పరుపుకూ లోపాలున్నాయి. ఉండలు కడుతుంది, తేమ పీల్చి దుమ్ము పురుగులకు ఇల్లవుతుంది. దూది ఏకేటప్పుడు లేచే నూగు ఉబ్బసం ఉన్న పిల్లలకు పడదు, ఆ పూట వాళ్లను దూరంగా ఉంచాల్సిందే.

కానీ ఆ ఇంట్లో ఒక మంచి అలవాటుండేది. బిడ్డ ఒంటికి తగిలేది ఎప్పుడూ పదేపదే ఉతికిన నూలు గుడ్డే. టొరంటో పరిశోధకులు తల్లిదండ్రులకు చెప్పిందీ దాదాపు అదే. పిల్లల మంచం మీద దిండ్లు, బొమ్మలు తగ్గించండి. దుప్పట్లు, బట్టలు తరచూ ఉతకండి. ఉతికిన గుడ్డ బిడ్డకూ పరుపుకూ మధ్య అడ్డుగోడలా పనిచేస్తుంది.

ఇక్కడే మనం చేసే ఓ పొరపాటు ఉంది. పక్క తడుస్తుందని ‘రబ్బరు షీటు’ కొంటాం. పేరుకే రబ్బరు. ఇప్పుడు దొరికే షీట్లలో చాలావరకు ప్లాస్టిక్‌వే. మెత్తగా, మెరుస్తూ ఉండే వినైల్ షీటుకు ఆ మెత్తదనం ఇచ్చేది ఎక్కువగా థాలేట్లే. ఖరీదైన పరుపు కొని, దానిమీద ఈ షీటు వేసి, దానిమీద బిడ్డను పడుకోబెడితే అంత డబ్బూ వృథానే కదా! షీటు తప్పదనుకుంటే దాని మీద బిగుతుగా, ముడతలు లేకుండా నూలు దుప్పటి పరవాలి. లేదంటే పలుచని బొంతనే కింద సమంగా పరిచి, తడిసినప్పుడల్లా ఉతుక్కోవచ్చు.

లేటెక్స్ కొనగలిగినవాళ్లు కొంటారు. పీచుతో సరిపెట్టుకునేవాళ్లూ, ఫోమ్‌తో గడిపేవాళ్లూ ఉంటారు. ఏది కొన్నా లోపల ఏముందో అడగడానికి, పైగుడ్డ ఉతకడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఈసారి శబరిమల బస్సులో కన్నెస్వామి ఆ చిప్పల గురించి అడిగితే, గురుస్వామి టైర్లతో ఆపేయనక్కర్లేదు. ‘‘మీ పాపాయి పక్క కూడా ఇక్కణ్నుంచే మొదలవుతుంది స్వామీ... కొనేముందు లోపల ఏముందో అడుగు’’ అని చెప్పొచ్చు.